ఆరు గుడ్ల బాకీ

రైలు ఇటు రాలేదు.
అందుకే ఊరు లేదు. కొట్టు మాత్రం ఉంది,
సున్నపురాతి కొండచరియ కింద,
నది వంపు తిరిగే చోట.

ఆర్డిస్ బ్రెక్కె, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి,
వేసవంతా పాతకాలపు గౌను తొడుక్కుని
షావుకారు భార్య వేషం కడుతుంది.
పిల్లలకి త్రాసు చూపిస్తుంది.
రాతిలో గవ్వలెందుకున్నాయని ఒకడడిగితే
"సముద్రం మర్చిపోయి వెళ్ళింది" అంటుంది.

చిట్టాలో ఒక పేజీ దగ్గర మాత్రం గొంతు తగ్గుతుంది:
ఓలీనా. రెండు సూదులు, నీలం దారం.
ఇవ్వాల్సింది ఆరు గుడ్లు.
ఎవరూ గీత కొట్టలేదు.
"మా ముత్తవ్వ. నార్వే ఓడ దిగిన ఏడు."

సీజను ఆఖరి రోజు.
గేటు మూసే వేళ కారులోంచి అట్టపెట్టె తెచ్చింది,
బల్ల మీద ఒక్కొక్కటే పెట్టింది.
ఐదోదానికి చిన్న పగులు.

కాసేపు చూసి,
"వచ్చే ఏడు" అని
మళ్ళీ పెట్టెలో సర్దుకుంది.