తడిగా ఉన్నప్పుడు

మిసెస్ గౌరీ అని పేరు చూసి
మన ఆవిడే అనుకున్నాను, పదకొండేళ్ళ కిందట.
తీరా తలుపు తోసుకుని ముందు డండీ గాలి వచ్చింది,
దాని వెనకే పసుప్పచ్చ కోటు,
చేతిలో బడిపిల్లల్ని రోడ్డు దాటించే గుండ్రటి పలక.

ఇవాళ మళ్ళీ వచ్చింది.
కుర్చీలో వాలి, వేలితో పెదవి ఎత్తి చూపించింది:
పై వరస, ఎడమవైపు, ముందరి పన్ను.
చిగురు దగ్గర మబ్బు రంగు.
"నీ పంటి మీద వాన పడేట్టుంది" అన్నాడట
ఆరేళ్ళవాడొకడు, నడిరోడ్డు మీద ఆగి.
అప్పట్నించీ పెదాలు మూసుకునే నవ్వుతోందట.

పాత రికార్డు తీశాను.
కాలువ శుభ్రం చేసినట్టూ, నింపినట్టూ, మూసినట్టూ రాసుంది.
కింద రెండు పొడి అక్షరాలు.
నావే.
రెండోది ఇప్పుడు నాది కాదు.

ఆ రోజు శుక్రవారం, ఆఖరి పేషెంటు.
కింద జంట పసుపు గీతల మీద కారాపి
ఆయన హారన్ కొడుతున్నాడు.
రెండు దూదిపింజలు, చుక్క స్పిరిట్, అర నిమిషం.
అంతే పని,
సీలర్ ఇంకా తడిగా ఉన్నప్పుడు.
నేను తుడవలేదు.
మూసేసి, కోటు తగిలించుకుని, మెట్లు దిగాను.

మన భాషలో పంటికుండేదీ వేరే,
మనుషులు పడేదీ వేరే.
ఐల్సాకి చెబుదామనుకుని ఊరుకున్నాను.
తను రబ్బరు డామ్ బిగిస్తోంది.
నీలం తెరలోంచి ఒక్క పన్ను
ఒంటరిగా తల బయటపెట్టింది.

వెనకనించి తెరిచి మైక్రోస్కోపు దించాను.
పాలగిన్నె అంచున ఎండిన చారలా
గోడంతా అదే. గట్టిపడింది. బూడిద రంగుకు తిరిగింది.
స్పిరిట్‌ని ఇప్పుడు లెక్కచెయ్యదు.
క్లోరోఫామ్ వింటుంది గానీ ఆ సీసా బీరువాలో ఉంది,
బీరువా తాళం పైవాళ్ళ దగ్గరుంది.
నా దగ్గరున్నది నారింజ నూనె.

చిన్న బ్రష్షు ముంచి తిప్పాను.
గదంతా తొక్క వలిచిన వాసన.
మిసెస్ గౌరీ చెయ్యి పైకి లేచింది.
నొప్పేమోనని ఆగిపోయాను.
రబ్బరు వెనకనించి ఏదో అంది, రెండుసార్లు.
"మార్మలేడా?" అంది ఐల్సా.
బొటనవేలు లేచింది.

తెర విప్పాక చెప్పింది.
జనవరిలో వాళ్ళమ్మ చేదు నారింజలు ఉడికించేదట.
గింజలు గుడ్డలో మూటకట్టి గిన్నెలో వేలాడదీసేదట.
వంటింటి గోడలకి చెమట పట్టేదట.
మార్చిదాకా పుస్తకాల పేజీలు కూడా అతుక్కునేవట.

రుద్దాను. కడిగాను. ఆరబెట్టాను. చూశాను.
మళ్ళీ రుద్దాను.
డెంటిన్‌ది గోడ పోలికే, ఒళ్ళంతా సన్నటి గొట్టాలు.
సీలర్ వాటిలోకి నాలుకలు చాచి
అలాగే బిగుసుకుపోయింది.
పైపూత కరుగుతుంది, లోపలిది పలకదు.
చదువుకునే రోజుల్లో పీకిన పళ్ళని నిలువునా కోసి
ఐదు ద్రావకాలు పరీక్షించాను.
ఏ పన్నూ మొదటిలా రాలేదు.
మార్కులు మాత్రం బాగా వచ్చాయి.

"ఇది నేను చేసిందే" అన్నాను,
"ఆ రోజు తుడవకుండా మూసేశాను."
ఆవిడ నోరు పుక్కిలించి ఉమ్మేదాకా ఏమీ అనలేదు.
"నేనోసారి లారీని చూడకుండా పలకెత్తాను.
ఎవరికీ ఏం కాలేదు.
ఆ లారీ మాత్రం రాత్రిళ్ళు ఇంకా బ్రేకు వేస్తూనే ఉంటుంది."
తర్వాత, తెల్లబడటానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది.
వచ్చే గురువారం మందు పెడతానన్నాను.
పాత తెలుపు వస్తుందని మాటివ్వలేదు.

రికార్డులో రాశాను: చాలావరకు పోయింది,
గొట్టాల్లో కొంత మిగిలింది.
కింద ఈసారి పొడి అక్షరాలు కాదు,
పేరు మొత్తం రాశాను. ఇరుకైన గడి, పక్క గీత దాటింది.

వాసన పోవాలని ఐల్సా కిటికీ తెరవబోయింది.
వద్దన్నాను.
"చలికా?" అంది.
అవునన్నాను.