నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

వృత్తి అన్న గడిలో
'బస్సు డిపో, రాత్రి డ్యూటీ' అని రాసి,
పక్కన చిన్న అక్షరాల్లో 'డీజే' అని రాసి, కొట్టేసి,
మళ్ళీ రాశాడు డెస్మండ్ టల్లక్.
వయసు యాభై ఎనిమిది.

గాజు పలకకి అటు అతను, ఇటు నేను.
హెడ్‌ఫోన్లు పెట్టబోతే
"ఇది నాకొచ్చులే" అని
ఒక చెవికే తగిలించుకుని
రెండోది మెడ వంపులోకి వదిలాడు.
రెండూ పెట్టుకోవాలండీ, అన్నాను.
నలభై ఏళ్ళ అలవాటు
సిగ్గుపడుతూ సర్దుకుంది.

రెండు వందల యాభై హెర్ట్జ్. నొక్కాడు.
మంద్రంలో ఒక్క మచ్చ లేదు ఇతనికి.
వాళ్ళ నాన్న అటర్‌క్లిఫ్‌లో రోలింగ్ మిల్లు మనిషి.
ఎర్రటి ఇనుము మీద రోలర్లు దిగే చప్పుడు
రెండు వీధుల అవతల ఉయ్యాల్లోంచే విన్నాట్ట.
మిల్లు మూతపడ్డాక, అదే షెడ్డులో,
తుప్పు పట్టిన క్రేను కింద
అరువు జనరేటరు పెట్టి
ఆ చప్పుడునే మళ్ళీ మోగించాడు.
రాత్రి రెండింటికి మొదలు.
పోలీసులొచ్చేసరికి తెల్లారేది,
ఒక్కోసారి
తెల్లారకుండానే వచ్చేవారు.

వెయ్యి. నొక్కాడు.
రెండు వేలు. కాస్త ఆలస్యంగా.

పేరు లేని రికార్డులు వేసేవాడట,
తెల్ల లేబులు మీద రబ్బరు ముద్ర: కోల్డ్ రోల్డ్.
ఒక్కోటి మూడు వందల కాపీలు.
కారు డిక్కీలో లీడ్స్‌కి, నాటింగ్‌హామ్‌కి;
డిక్కీలో వాన కారి సగం వంకరపోయాయి.
ఒకటి బెర్లిన్‌లో ఎవరో
తెల్లవారుజామున రెండుసార్లు వేశారని
ఆర్నెల్లకి తెలిసింది.
అది నాదేనని ఎవరికీ చెప్పలేదన్నాడు.
"చెప్తే ఏమొస్తుంది?
తలుపు దగ్గర టిక్కెట్టు అడగరు, అంతే."
భార్య మొరీన్ మాత్రం అడిగేదట,
కరెంటు బిల్లు ఎవరు కడతారని.

మూడు వేలు. బొటనవేలు వెతుక్కుంటోంది.

నాలుగు వేలు.
పెంచాను. ఇంకా పెంచాను.
ముఖంలో ఏమీ కదల్లేదు.
తెర మీద గీత గోతిలో పడింది.
తాళాల మెరుపు ఉండే చోటది.
తను చేసిన ప్రతి పాటలోనూ
పై అంతస్తు.

మోత ఏమైనా ఉందా, అని అడిగాను.
"ఉంది. చెవిలో ఇల్లు కట్టుకుంది.
అద్దె మాత్రం ఇవ్వదు."

మా భాషలో ఒక మాట ఉంది:
ఇష్టమైనదాని కోసం చెవి కోసుకోవడం.
ఇంగ్లీషులో చెప్పబోయి ఊరుకున్నాను.
ప్రింటరులోంచి వస్తున్న కాగితం మీద
ఉన్నది అదే.

ఇంకో సంగతి.
పరీక్ష మధ్యలో నా పెన్ను కింద పడి
వంగి వెతుక్కుంటున్నంత సేపూ
ఏ శబ్దమూ పంపలేదు నేను.
అతను నొక్కాడు.
ఆగి, మళ్ళీ. రెండు వెంటవెంటనే. మళ్ళీ ఆగి.
గాజు అవతల కళ్ళు మూసుకుని.
యంత్రం ప్రతిదానికీ ఒక ఎర్ర చుక్క పెట్టింది:
తప్పు, తప్పు తప్పు, తప్పు.
అలాంటివి తుడిచెయ్యాలని నియమం.

అతను వెళ్ళాక
ఆ చుక్కల వరుసని బల్ల మీద వేలితో కొట్టి చూశాను.
ఇంకోసారి కొట్టి,
తుడిచాను.