గండ్లు లేని అక్షరం

మే నెల. మిర్చి యార్డుకి తాళం.
సెలవులంటే మాకు కూలి పడని నెల,
ఉప్పూ పప్పూ అరువు మీద నడిచే నెల.
ఈసారి సలోమి బియ్యం డబ్బా అడుగు నుంచి
నాలుగు వేలు తీసి నా ముందు పెట్టింది.
"పిల్ల సముద్రం చూడలేదు. నువ్వు చూశావా?"
నలభై ఏళ్ళొచ్చాయి. గుంటూరు నుంచి బాపట్ల
అరవై కిలోమీటర్లు కూడా ఉండదు.
చూడలేదు.

తెనాలిలో బండి మారి, బాపట్లలో ఆటో ఎక్కి
సూర్యలంక చేరేసరికి
ముందుగా నా ముక్కుకి తెలిసింది, గాలిలో ఘాటు లేదని.
పద్దెనిమిదేళ్ళుగా రోజూ తుమ్మే మనిషిని,
ఇసుకలో నిలబడి తుమ్ము కోసం ఎదురుచూశాను.
రాలేదు.
కెజియా అలని నాకి, ఉమ్మేసి, తీర్పు చెప్పింది:
"ఉప్పు సరిపోయింది నాన్నా, కారమే లేదు."

వేట నిషేధం రోజులు.
పడవలన్నీ ఒడ్డెక్కి,
తలంటుకి కూర్చోబెట్టిన పిల్లల్లా వద్దనలేక
రంగులు పూయించుకుంటున్నాయి.
సరుగుడు తోపు నీడలో వలలు బాగుచేసేవాళ్ళు.
చేపల వేలం షెడ్డు గోడని
డ్రాయింగు మాస్టారి పిల్లలు గజాల లెక్కన పంచుకుని
ఎవరి సముద్రం వాళ్ళు వేసుకుంటున్నారు.
ఒకడి సముద్రంలో ఆర్టీసీ బస్సు ఉంది, దీపాలు వెలుగుతూ.
ఎందుకని ఎవరూ అడగలేదు.
కెజియాకీ ఒక మూల ఇచ్చారు.
ఎర్ర డబ్బా అందుకుంటుంటే
"అది తప్ప ఏదైనా" అన్నాను, అరిచినట్టే.
నా మొహం చూసి, నిదానంగా, ఎరుపులోనే ముంచింది.
"ఆదివారం బడిలో చెప్పారు. ఎర్ర సముద్రం ఉందంట."
సలోమి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చీర తడిస్తే ఆరదని గట్టు మీదే కూర్చున్న సలోమి
రెండో సాయంత్రం మడమల దాకా,
మూడో సాయంత్రం ఎవరూ పిలవకుండానే నడుము దాకా.
అల కొట్టినప్పుడల్లా ఎవరినో తిడుతోంది,
నవ్వుతూ.
ఎవరినని నేను అడగలేదు. నన్నే అయ్యుంటుంది.

తిని పడుకోవడం నాకు చేతకాదు.
నాంచారయ్య పడవ దగ్గర చేరి చెయ్యి చూస్తూ కూచున్నాను.
వణికే చెయ్యి. కుంచె చెక్కకి ఆనగానే ఆగుతుంది.
"నువ్వేం చేస్తావు?"
"బస్తాల మీద మార్కులు. రేకు పెట్టి రంగు కొడతాను."
"అయితే రాతగాడివే" అని డబ్బా నా వైపు జరిపాడు.
"మా అమ్మ పేరు. బంగారమ్మ."

రేకు లేదు. గోనె పీచు లేదు.
ఇంకో బస్తా, ఇంకో బస్తా అని అరిచే గుమాస్తా లేడు.
నాలుగు అక్షరాలకి మధ్యాహ్నమంతా పట్టింది.
వెనక్కి జరిగి చూసుకుంటే
అక్షరం అక్షరానికీ గండి,
కోసిన రేకు ఊడిపోకుండా వదిలే సందు.
రేకు లేకపోయినా నా వేళ్ళు వదిలేశాయి.
పళ్ళు లేని నోటితో నాంచారయ్య ఒకటే నవ్వు.
"ఇన్ని గండ్లా! మా అమ్మ మునిగిపోద్దయ్యా. మూసెయ్."

మూశాను.
సున్న చుట్టూ తిరిగొచ్చి
బయల్దేరిన చోటే తనని తాను కలుసుకుంది.
అంతే పని. ఒళ్ళు ఝల్లుమంది.
ఆ రాత్రి ఎండుచేపల పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఎనిమిదో రోజు బయల్దేరాం.
బంగారమ్మ నీళ్ళలోకి దిగేది జూన్ నడుమ.
అప్పటికి నేను యార్డులో తుమ్ముతుంటాను,
తేజా రకం, రేకు పెట్టు, కొట్టు, తియ్యి.
మునిగిందో తేలిందో ఎవరు చెబుతారు?

తెనాలి దాటాక కెజియా నిద్రమత్తులో అడిగింది:
"వానొస్తే గోడ మీద నా సముద్రం పోద్దా?"
"పోద్ది" అన్నాను.
మొహం చిన్నబుచ్చుకుంది.
"ఎరుపు అంత తొందరగా వదలదులే" అని
గోళ్ళ సందుల్లో ఎర్రమరక పోని నా చెయ్యి
తన ఒళ్ళో పెట్టాను.
దాని గోళ్ళు కూడా అలాగే ఉన్నాయి.