కందిగింజంత

మంగళవారం రాత్రి లేసు బుట్ట మూసేశాక
ఫ్యాను ఆపి, చేతులు కడుక్కుని
ముందు జున్నుని ఒళ్ళో వేసుకుంటాను,
తర్వాత తాండ్రని.
తెల్లది జున్ను. మామిడితాండ్ర రంగుది తాండ్ర.
నరసాపురంలో వీటిని ఫెర్రెట్లనేది ఇద్దరమే,
నేనూ, మేడమీద అద్దెకున్న నతానియేలూ.
వీధంతా ముంగిసలంటుంది.
పాలబ్బాయి మటుకు
"పొడుగెలకలు బాగున్నాయాండీ" అని అడుగుతాడు.

నతానియేలు రొయ్యల మేత కంపెనీ వాడు.
ఒంగోలు బదిలీ అయితే
"నెల్రోజులే అక్కా" అని పంజరం దించి వెళ్ళాడు.
ఆ నెల్రోజులకి ఇది రెండో వేసంగి.
ఐసు ఫ్యాక్టరీలో రొయ్యల పెట్టెలకి కొట్టగా రాలిన ముక్కలు
క్యారేజీలో తెచ్చి గోనె కింద పరుస్తాను.
ఎండ పడదు వీటికి.

ఊళ్ళో పశువులాసుపత్రిలో
మా రిజిస్టర్లో ఈ జంతువు లేదన్నారు.
పంటు మీద ఏరు దాటి సఖినేటిపల్లి వెళ్ళాను.
రత్నకుమారి డాక్టరమ్మ
దూడ మెడ తడుముతూ బుట్టలోకి తొంగిచూసింది.
"పుస్తకంలో బొమ్మ చూశానంతే. గేదెల డాక్టర్నమ్మా నేను.
అయినా ఒంట్లో కాలవలు ఎవరికైనా ఒకటే."
నా చెయ్యి లాగి దూడ భుజం ముందు పెట్టింది.
తోలు కింద, నిమ్మకాయంత.
"బిళ్ళ కట్టింది. నెత్తురు కాక ఇంకో నీరు పారుద్ది,
దాని లాకులివి. పైనుంచి చెత్త కొట్టుకొస్తే
గుర్రపుడెక్క అడ్డంపడ్డట్టు ఇక్కడ ఉబ్బుద్ది.
తప్పు లాకుది కాదు. పైకెళ్ళి చూడాలి."

దవడ కింద. భుజాల ముందు. చంకల్లో.
గజ్జల్లో. మోకాలి వెనక.
రెండు వైపులా ఒకేసారి పట్టాలి,
ఒక పక్కే చూస్తే వేలు అబద్ధమాడుతుంది.

ముప్పై ఏళ్ళుగా
దారంలో ముడి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతున్నాను.
షావుకారు కళ్ళజోడు పెట్టుకుని వెతికేది
నా బొటనవేలికి ముందే తెలుసు.
కానీ దారం కదలదు. దారానికి చక్కిలిగిలి లేదు.
తాండ్ర జారుతుంది, జాకెట్టు చేతిలో దూరుతుంది,
కొరుకుతుంది, కొరికినచోటే నాకుతుంది.
పొట్టమీద చేపనూనె చుక్క వేస్తే
అది నాక్కునేలోపు నా పని అయిపోవాలి.
కొవ్వయితే వేలికింద వెన్నలా చెదురుతుంది.
బిళ్ళయితే పక్కకి జారి, నిలబడుతుంది.

లేసు లెక్కల పుస్తకంలో వెనకనించి రాస్తాను.
ముందు పేజీల్లో డజన్లు, దారపుండలు, రావలసిన డబ్బు.
వెనక:
"జున్ను, అన్నీ పెసర. తాండ్ర, అన్నీ పెసర. కొరికింది."
ఇలా ఏడాది పైన మంగళవారాలు.

ఇవాళ
తాండ్ర ఎడమ మోకాలి వెనక వేలు ఆగింది.
కుడివైపు చూశాను. మళ్ళీ ఎడమ.
జున్నుని పట్టి చూసి, మళ్ళీ తాండ్ర.
కొవ్వేమో.
వేసంగిలో కొవ్వేమిటి, శీతాకాలం పట్టిందంతా
చైత్రానికే కరిగిపోయాక?
నూనె అయిపోయిందని అది నా మణికట్టు నాకుతోంది,
దాని మోకాలు ఎవరిదో అన్నట్టు.

బయట కాలవలు కట్టేశారు.
లాకుల దగ్గర అడుగుమట్టి పెళ్ళలు పెళ్ళలుగా పగిలి,
ఎవరిదో చెప్పు, మందు సీసాలు.
నీళ్ళున్నన్నాళ్ళూ తెలియలేదు, ఇవన్నీ అక్కడే ఉన్నాయని.

ఒంగోలుకి ఫోను చేశాను. మోగి మోగి ఆగింది.
ఎత్తినా ఏమని చెప్పను,
కందిగింజంత అనా?
దారంలో ముడయితే పళ్ళతో తెంపి మళ్ళీ కలుపుతాను,
చూసినవాళ్ళకి తెలియకుండా.

పుస్తకంలో రాశాను:
"తాండ్ర. ఎడమ మోకాలి వెనక, కంది. కుడి, పెసర."
కలం మూత పెట్టి, మళ్ళీ తీసి,
పక్కన చిన్నగా:
"తిండి బాగా తింది. కొరకలేదు."

కొరకలేదని రాశాక
చాలాసేపు ఆ మాట దగ్గరే కూర్చున్నాను.
మొదటి పంటు ఆరింటికి.
బుట్ట తుడిచి, గుమ్మం పక్కన పెట్టాను.