మూడర్రల బండి

"ఆ మోడల్ బందయింది అన్నా"
అన్నడు హంటర్ రోడ్డు షోరూంల పిలగాడు,
మెడల పట్టీ, పట్టీకి పేరు: శ్రీవర్ధన్.
చల్లటి నీళ్ల సీసా చేతిల పెట్టి,
సావు కబురు చెప్పినట్టు కాదు,
హోటల్ల ఇడ్లీ అయిపోయిందని చెప్పినట్టు.

కాజీపేట టేసను ముంగట
పదకొండేండ్ల సంది నిలబడ్డ తెల్లబండి నాది.
నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.
మూడర్రల బండి.
ముందటర్రల ఇంజను,
నడిమర్రల మనుషులు,
ఎనుకర్రల వాళ్ల సామాను, వాళ్ల గుట్టు.
ఎనుమాముల మార్కెట్ల శాంపిల్ సంచి ఎక్కితే
మిర్చి ఘాటు డిక్కీలనే పండుకునేది,
నడిమర్రల పసిపిల్ల తుమ్మేది కాదు.
కొత్తవాడ చంద్రమౌళికి కొలతబద్ద నా డిక్కీ:
"పద్దెనిమిది జంపఖానలు, ఒక్కటెక్కువ పట్టది"
కండ్లు మూసుకొని చెప్పేటోడు,
మగ్గం మీద పోగు లెక్క చెప్పినట్టే.

ఇప్పటివన్నీ రెండర్రలు.
మనిషీ మూటా ఒక్క కప్పు కింద.
ఎత్తు మాత్రం గడీ ఎత్తు.

"గిదెందుకు బంద్ చేసిండ్రు తమ్మీ, నడుస్తలేదా?"
"నడుస్తది అన్నా. మిగులుతలేదు.
నీ అసుంటి బండి అమ్మితే కంపెనీకి చారెడు,
పొడుగు బండి అమ్మితే దోసెడు.
రేకు కొంచెమే ఎక్కువ, రేటు మస్తెక్కువ."
పిలగాడు అబద్ధమాడలేదు. మెచ్చుకున్న.

నేను మాత్రం హరిశ్చంద్రున్నా?
నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
సీటు దాకా నీళ్లొచ్చి
నా బండి బర్రె లెక్క మునిగి కూసుంటే,
పక్క నుంచి పొడుగు బండి అలలు కొట్టుకుంట పోయింది.
దాని మీద మనసు పడ్డది నిజం.
గిరాకీలు ఫోన్ల మొదటి మాటే అడుగుతున్నరు
"ఏడు సీట్లదున్నదా?"
వచ్చేది ముగ్గురే.
మిగిలిన నాలుగింటిల ఎవలు కూసుంటరో,
ఎవలు చూడాలెనో.

మా తాత గడీ ముంగట
చెప్పులు చేతపట్టుకొని నడిచిండట.
గడీలు కూలినయి, గబ్బిలాలు చేరినయి అనుకున్నం.
మరి హన్మకొండ చౌరస్తల, ఎర్రలైటు కాడ,
నల్లద్దాలతోని నా ఎనుక నిలబడి
హారన్ కొడ్తున్నదేంది?
నా అద్దంల దాని ముఖం పడ్తలేదు.
పండ్లే కనవడ్తున్నయి.

సోమ, బుధ, శుక్ర
కట్కూరి ఎల్లవ్వను డయాలసిస్‌కు ఎంజీఎం తోలుకపోత.
ముందుగాల నడుము ఆనిస్తది,
తర్వాత ఒక్కో కాలు ఎత్తి లోపట పెట్టుకుంటది
బియ్యం బస్తా సర్దినట్టు.
ఒకనాడు నాది రిపేరుల ఉంటే
కుమారస్వామి పొడుగు బండి పంపిన.
మెట్టు మీద కాలు పెట్టి, దించి, మళ్ల పెట్టి,
"ఇది బండా, మంచెనా బిడ్డా" అన్నదట.
ఎల్లవ్వ నడుమెత్తు ఎంతో
ఏ కంపెనీ కాయితం మీద రాసి ఉంటది?

మట్టెవాడ యాకూబ్ పాషా బంపర్ బిగించుకుంట అన్నడు
"ఎనుక లైటు ఇగ రాదు. పగలకుండ చూస్కో.
పగిలితే తుక్కులకెళ్లి ఎతికి తెస్త,
సచ్చిన బండి కన్ను బతికిన బండికి పెడ్త."
నవ్విండు. నేను గూడ నవ్విన.
షోరూం కాయితం జేబులనే ఉన్నది.
చింపలే. సంతకం పెట్టలే.

పొద్దూకినంక డిక్కీ తెరిచిన.
మొన్నటి జాతరకు మేడారం పోయినప్పుడు
ఎవలిదో నిలువెత్తు బంగారం మోసిన,
మనిషి బరువంత బెల్లం.
ఎన్నిసార్లు కడిగినా
స్టెప్నీ కింది సందుల నుంచి
చీమలు ఇంకా వరుస కట్టి వస్తనే ఉన్నయి
మూడో అర్రలకు.

వాటికెవలు చెప్పాలె.