మెల్లగా

చీమకుర్తి క్వారీలో పదమూడేళ్లు
డ్రిల్లు పట్టాడు దేవసహాయం.
రాయికి బెజ్జం పడ్డ ప్రతిసారీ
చెవిలో కాస్త పూడింది.

మా ఇంట్లో గుట్టన్నది లేదు.
"ఉప్పు సరిపోయిందా" అని నేనడిగితే
టీకొట్టు అంకయ్య "సరిపోయిందంట" అనేవాడు.
అప్పు సంగతి, నెల తప్పిన సంగతి
అన్నీ కేకేసే చెప్పా.

మొన్న ఒంగోలు క్యాంపులో మిషనిచ్చారు.
చిక్కుడు గింజంత. చెవి వెనక నక్కి ఉంటది.
దుమ్ము తగలకూడదంట,
చీమకుర్తిలో!
పాత టూత్‌బ్రష్షుతో రోజూ నేనే తుడుస్తా.

బస్సులోనే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.
ఇంటికొచ్చాక స్టీలు గ్లాసు కింద పెడితే ఉలిక్కిపడ్డాడు.
"ఫ్యాను ఇంత అరుస్తదా?" అన్నాడు.
ఆనక నా వైపు తిరిగి
"ఎందుకే రూతమ్మా, అట్టా పోట్లాడతావు?"

పోట్లాట కాదయ్యా,
నా గొంతే ఇది ఇప్పుడు.
నీ మిషనుకి చిన్న చక్రముంది,
ఎటు తిప్పితే ఎంతో డాక్టరమ్మ చూపించింది.
నా గొంతుకేదీ చక్రం?

రాత్రి కరెంటు పోయింది.
రోడ్డవతల పాలిషింగ్ యూనిట్లు కూడా ఆగినయ్.
వంటింట్లోకెళ్లి, గోడకేసి తిరిగి
ఒక్క పిలుపు అనుకుని చూశా.
పెళ్లైన కొత్తల్లోది,
సగం ఊపిరి, సగం పేరు.
బొంగురుగా వచ్చింది.
ఇంకోసారి.

చీకట్లోంచి
"ఏందే?" అన్నాడు.

పిలిచానే గానీ
చెప్పేదేమీ లేదు.