జీర

కొనాక్రీ రేడియో గిడ్డంగిలో
వానాకాలపు చెమ్మకి అతుక్కుపోయిన టేపు.
సన్నసెగన కాచి, చుట్టు చుట్టూ విడదీశాను.
అరవై ఏళ్ల నాటి బలాఫోన్.
ప్రతి స్వరం వెనకా జుమ్మని ఏదో జీర.
రొద అనుకుని మెషిన్లో జల్లెడ పట్టాను.
కడిగిన గాజుగ్లాసులా తేలింది పాట.

నాంతెనిన్ విన్నది. వాయించింది ఆమె తండ్రే.
"ఎవరిదిది?" అంది.

తర్వాత ఇంటి నుంచి పాత వాయిద్యం తెచ్చి బోర్లించింది.
చెక్కపలక కింద సొరబుర్ర, బుర్రకి చిల్లు,
చిల్లు మీద సాలీడు గుడ్లసంచి పొర.
"స్వరం చెక్కది నాయనా, గొంతు సాలీడుది."

పక్క కుర్చీలో యెసేనియా, కొలంబియా నుంచి వచ్చింది,
చాలాసేపు మాట్లాడలేదు.
వాళ్ల గ్వాపీ నది ఒడ్డునా ఉందట ఇలాంటిదే, మరింబా.
బుర్రల బదులు వెదురు గొట్టాలు.
వాయించినంతసేపూ వాళ్ల అమ్మమ్మ
పెదాలు బిగించి ముక్కుతో జుమ్మనేదట.
ఎందుకని ఎవరూ అడగలేదట.

ఆ ఓడల్లో
సాలీళ్లని ఎక్కనివ్వలేదు మరి.

జల్లెడ తీసేశాను.
గదిలోకి జీర తిరిగొచ్చింది.
యెసేనియా పెదాలు బిగుసుకున్నాయి,
తనకి తెలియకుండానే.

టేపు చివర ఎవరో దగ్గారు.
దాన్నీ ఉంచేశాను.